పిల్లల దేహం: మన చేతిలోని అమానతు



మన ఇళ్లలో బిడ్డను చూడవచ్చిన పెద్దలు మొదట చూసేది బుగ్గలు. బుగ్గలు నిండుగా ఉంటే "మాషా అల్లాహ్, బిడ్డ బాగున్నాడు" అంటారు. సన్నగా ఉంటే తల్లి వైపు తిరిగి "ఏమమ్మా, సరిగా పెట్టడం లేదా?" అని అడుగుతారు. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది. కరవులు, కలరాలు, మశూచి వచ్చి పసివారిని ఎత్తుకుపోయిన రోజులను మన ముత్తాతలు చూశారు. ఒంటిమీద కాస్త కండ ఉన్న బిడ్డ జబ్బును తట్టుకొని బ్రతుకుతుందన్న నమ్మకం ఆ అనుభవం నుండి పుట్టినదే. ఆ కాలానికి అది తెలివైన నమ్మకం. అయితే కాలం మారిన తరువాత కూడా మన కన్ను మారలేదు. బిడ్డ బొద్దుతనాన్ని మనము ఇంకా ఆరోగ్యంగానే లెక్కిస్తున్నాము.

ఐక్యరాజ్యసమితి బాలల నిధి అయిన యునిసెఫ్ 2025 సెప్టెంబరులో ఒక నివేదిక వెలువరించింది. 5 నుండి 19 సంవత్సరాల వయసు గలవారిలో, ప్రపంచవ్యాప్తంగా, తక్కువ బరువుతో ఉన్నవారి కంటే ఊబకాయంతో ఉన్నవారి సంఖ్య మొదటిసారిగా ఎక్కువయినదని అది తెలిపింది. తక్కువ బరువు గలవారు 9.2 శాతం కాగా ఊబకాయులు 9.4 శాతం. 2000 సంవత్సరంలో ఈ ఊబకాయం 3 శాతం మాత్రమే. అంటే పాతికేళ్లలో మూడింతలయినది. మానవజాతి తన పిల్లలకు తిండి చాలదని శతాబ్దాల తరబడి దిగులుపడింది. ఇప్పుడు ఆ తిండే పిల్లలకు జబ్బు తెస్తున్నదేమోనని దిగులుపడవలసి వచ్చింది.

మన దేశంలో పరిస్థితి మరింత చిక్కుముడి. 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, కౌమార వయస్కులలో ఇంచుమించు నలుగురిలో ఒకరు వయసుకు తగిన బరువు లేక బక్కచిక్కి ఉన్నారని తేలింది. అదే సర్వేలో బడి వయసు పిల్లలలోను, కౌమారులలోను పదిమందికి ఒకరు మధుమేహపు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారని కూడా తేలింది. ఆకలి, అతి తిండి అనే రెండు కష్టాలు ఒకే దేశంలో, ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. మా తరగతిలోనే చూస్తాము. ఒకే రెహల్ ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలలో ఒకరి మణికట్టు ఎముక కనబడుతూ ఉంటుంది, మరొకరికి మోకాళ్లు మడిచి కూర్చోవడమే కష్టంగా ఉంటుంది. ఇద్దరికీ కావలసినది ఒక్కటే, సరియైన తిండి.

కంటితో కొలవరాదు

ఊబకాయం అంటే కేవలం బరువు ఎక్కువగా ఉండటం కాదు. ఆరోగ్యానికి హాని చేసేంతగా శరీరంలో కొవ్వు పేరుకోవడం. పిల్లలు ఎదిగే వయసులో ఉంటారు కనుక పెద్దలకు వాడే లెక్క వారికి పనికిరాదు. ఎత్తు, బరువు, వయసు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్న నాలుగింటినీ కలిపి చూడవలసి ఉంటుంది. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో మన దేశపు పిల్లల కొరకు 5 నుండి 18 ఏళ్ల వరకు ఎదుగుదల చార్టులను సిద్ధపరచింది. పిల్లల వైద్యుని వద్ద అవి ఉంటాయి. ఆరు నెలలకొకసారి బిడ్డ ఎత్తు, బరువు కొలిపించి ఆ చార్టు మీద ఒక చుక్క పెట్టించుకుంటే చాలు. ఆ చుక్కలన్నీ కలిపిన గీత ఎటు పోతున్నదో తల్లిదండ్రులకు అర్థమవుతుంది.

ఇంట్లోనే చేసుకోదగిన ఒక చిన్న కొలత కూడా ఉన్నది. ఒక దారం తీసుకొని బిడ్డ ఎత్తును కొలిచి, దానిని సగానికి మడవండి. ఆ సగం దారం బిడ్డ నడుము చుట్టూ అందకపోతే, పొట్టలో కొవ్వు ఎక్కువగా ఉన్నదని అనుమానించి వైద్యునికి చూపించాలి.

ఈ కొలత మనకు ఎందుకు ముఖ్యమంటే, మన దేశస్థుల శరీర నిర్మాణం వేరు. పుణే నగరానికి చెందిన వైద్య పరిశోధకుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఈ విషయంపై దశాబ్దాల పాటు పరిశోధించారు. మన దేశంలో పుట్టే శిశువులు తెల్లజాతి శిశువుల కంటే తక్కువ బరువుతో పుట్టినా, వారి ఒంటిలో కండ తక్కువగాను, కొవ్వు దానితో పోల్చితే ఎక్కువగాను ఉంటుందని ఆయన చూపించారు. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వు దాచుకొనే శరీరం మనది. కాబట్టి మన పిల్లలకు బరువు కొద్దిగా పెరిగినా ముప్పు తొందరగా వస్తుంది. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన పిల్లవానిని చూచి "వీడికేమీ లేదు" అనుకోవడం సరికాదు.

మెడమీది నలుపు మురికి కాదు

పిల్లలు తలవంచి సబకు చదువుతున్నప్పుడు ఉస్తాదుకు వారి ముఖం కంటే మెడ వెనుక భాగమే ఎక్కువగా కనబడుతుంది. మా వద్దకు సాయంత్రపు తరగతికి వచ్చే పదకొండేళ్ల పిల్లవాని మెడ మీద నల్లని పట్టీ వంటి మచ్చ ఏర్పడింది. ముఖమల్ గుడ్డలాగా దళసరిగా, ముడతలు పడి ఉన్నది. వాని తల్లి అది మురికి అనుకొని శుక్రవారం శుక్రవారం శనగపిండితోను, నిమ్మచెక్కతోను తోమేదట. తోటి పిల్లలు వుజూ చేసే చోట "మెడ కడుక్కోరా" అని ఎగతాళి చేసేవారు. వాడు లాల్చీ కాలరును పైకి లాక్కొని కూర్చోవడం మొదలుపెట్టాడు.

మేము వాని తండ్రిని పిలిపించి మాట్లాడాము. "మౌలానా సాబ్, మా ఖాందానంతా ఇంతే, బలిష్ఠంగానే ఉంటాము. పెద్దయితే వాడే సన్నబడతాడు" అన్నాడాయన. "భాయ్, బరువు సంగతి తరువాత చూద్దాము. ముందు ఆ నలుపు ఏమిటో డాక్టరును అడిగి రండి" అని చెప్పి పంపాము. పరీక్షలలో రక్తంలోని చక్కెర హద్దు దగ్గరకు వచ్చినదని, కాలేయానికి కొవ్వు పట్టినదని తేలింది.

ఆ నలుపు వెనుక ఉన్న సంగతిని తల్లులందరూ తెలుసుకోవాలి. మనము తిన్న చక్కెరను కణాలలోనికి పంపే పని ఇన్సులిన్ చేస్తుంది. పొట్టలోను, కాలేయంలోను కొవ్వు పేరుకున్నప్పుడు శరీరం ఇన్సులిన్ మాటను సరిగా వినదు. అప్పుడు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. అలా రక్తంలో పెరిగిపోయిన ఇన్సులిన్ వలన మెడ మీద, చంకలలో చర్మం దళసరెక్కి నల్లబడుతుంది. దానిని ఎంత తోమినా పోదు. తోమేకొద్దీ చర్మం గీసుకుపోయి మంట పుడుతుంది. అది లోపల నడుస్తున్న జబ్బు బయటకు పంపిన కబురు. ఆ కబురు అందుకున్న దశలో మేల్కొంటే మధుమేహాన్ని ఆపగలము. క్లోమగ్రంథి అలసిపోయే వరకు ఊరుకుంటే, ఒకప్పుడు యాభై ఏళ్లకు వచ్చిన టైప్-2 మధుమేహం పదిహేనేళ్లకే వస్తుంది.

ఆ ఇంట్లో తరువాత జరిగిన సంగతి కూడా చెప్పవలసినదే. వైద్యుడు తిండి మార్చమనగానే ఇంట్లో గొడవ మొదలయింది. "నా మనవడి నోటి దగ్గరి ముద్ద లాక్కుంటారా?" అని దాదీమా అన్నం మానేసి కూర్చున్నారు. కోడలు ఏమీ అనలేక, తండ్రి తల్లిని ఎదిరించలేక, రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. చివరకు ఆ తండ్రే ఉపాయం ఆలోచించాడు. దాదీమాను కూడా వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్లాడు. ఆమెకు పదిహేనేళ్లుగా షుగరు ఉన్నది. తనకు రాసిన జబ్బు పేరే మనవడి చీటీ మీద కూడా రాయబోతున్నారని వైద్యుడు చెప్పిన తరువాత ఆమె ఇక వాదించలేదు. అప్పటి నుండి అసర్ నమాజు కాగానే మనవడి చేయి పట్టుకొని బజారు వరకు నడిచేది ఆమే. మలీదా ముద్ద పెట్టిన చేతితోనే జామకాయ కోసి పెట్టేది కూడా ఆమే. ఏడాది తిరిగేసరికి వాడు పొడుగయ్యాడు, బరువు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నది. మెడ మీది నలుపు పూర్తిగా పోలేదు కాని పలుచబడింది. ఇప్పుడు కాలరు పైకి లాక్కోవడం లేదు.

ఒక్క మెడతో ఆగదు

ఊబకాయం పిల్లలలో తెచ్చే ఇబ్బందులు ఇంకా ఎన్నో. కాలేయానికి కొవ్వు పట్టే జబ్బు మద్యం తాగేవారికే వస్తుందని చాలామంది అనుకుంటారు. మద్యం వాసన కూడా ఎరుగని పిల్లలలో అది కనబడుతున్నది. తీపి పానీయాలు, అతి తిండి, కదలిక లేకపోవడం దానికి కారణాలు. కొందరికి చిన్న వయసులోనే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో కొవ్వులు పెరుగుతాయి. గొంతు, మెడ చుట్టూ కొవ్వు చేరినప్పుడు రాత్రి గురక వస్తుంది, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. అటువంటి పిల్లవాడు తెల్లవారి తరగతిలో కునికిపాట్లు పడతాడు. ఉస్తాదు అది బద్ధకమనుకుంటాడు. తల్లి "ఎంత హాయిగా గురకపెట్టి నిద్రపోతున్నాడో" అనుకుంటుంది. నిజానికి వానికి రాత్రంతా నిద్రే లేదు.

ఎదిగే ఎముకల మీద ఎక్కువ బరువు పడితే తుంటి కీలు, మోకాళ్లు దెబ్బతింటాయి. బొద్దుగా ఉన్న పిల్లవాడు కుంటుతున్నా, తుంటిలో గాని మోకాలిలో గాని నొప్పి అంటున్నా వెంటనే ఎముకల వైద్యునికి చూపించాలి. నూనె మర్దన చేసి ఊరుకోరాదు. ఆడపిల్లలలో కొందరికి రజస్వల కావడం ముందుకు జరుగుతుంది, మరికొందరికి తరువాత నెలసరి క్రమం తప్పుతుంది, అండాశయాలలో నీటిబుడగల సమస్య వస్తుంది. పెళ్లి అయిన తరువాత ఎందరో తల్లులు కన్నీళ్లతో వైద్యుల చుట్టూ తిరిగే కష్టానికి మూలం కొందరి విషయంలో ఈ వయసులోనే పడుతున్నది.

వీటన్నింటికీ తోడు అవమానం ఒకటి. "మోటూ", "బోండాం", "గుమ్మడికాయ" అన్న పేర్లను మన ఇళ్లలో ముద్దుపేర్లు అనుకుంటారు. పెట్టినవారికి అది ముద్దు. మోసేవానికి కాదు. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, నచ్చని పేర్లతో పిలవడాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా స్పష్టంగా నిషేధించింది. ఆ ఆజ్ఞ పిల్లల విషయంలో వర్తించదని ఎవరూ చెప్పలేదు. అవమానపడిన పిల్లవాడు ఆటకు రాడు. ఆటకు రానివాడు ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చున్నవాడు దిగులు మరవడానికి మళ్లీ తింటాడు. పేరు పెట్టిన నోరే జబ్బును పెంచుతున్నదన్న మాట.

తప్పు పిల్లవానిదా?

పిల్లవాడు తిండిపోతు, అందుకే లావయ్యాడు అని తేల్చివేయడం న్యాయం కాదు. వంశపారంపర్యం కొంత ఉన్నది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తొందరగా బరువు పెంచాలని అదనంగా కుక్కి పెట్టడం కొంత ఉన్నది. అరుదుగా కొన్ని గ్రంథుల లోపాలు కూడా ఉంటాయి. లావుగా ఉన్న పిల్లవాడు తోటివారి కంటే పొట్టిగా కూడా ఉంటే థైరాయిడ్ వంటి కారణాలు ఉన్నాయేమో వైద్యుడు చూస్తాడు. కాని ఎక్కువమంది పిల్లల విషయంలో కారణం వారి దినచర్యలోనే ఉన్నది. ఆ దినచర్యను ఏర్పరచినది మనమే.

బడిపిల్లవాని దినాన్ని ఒకసారి లెక్కించండి. ఉదయం ఆటోలో కూర్చుంటాడు. బడిలో ఆరేడు గంటలు కూర్చుంటాడు. ఇంటికి వచ్చి ట్యూషనులో కూర్చుంటాడు. తరువాత దీనీ చదువుకు కూర్చుంటాడు. అన్నం తినేటప్పుడు చేతిలో ఫోను పట్టుకొని కూర్చుంటాడు. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కి ఊపిరి వేగం పెరిగే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన పిల్లవాని దినంలో ఆ అరవై నిమిషాలు ఎక్కడ ఉన్నాయి?

ఫోను చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. రాత్రి పొద్దుపోయే వరకు తెర చూస్తే నిద్ర తగ్గుతుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే రసాయనాలు శరీరంలో పెరుగుతాయి. 6 నుండి 12 ఏళ్ల పిల్లలకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. అర్ధరాత్రి పడుకొని ఫజర్‌కు లేచి బడికి పోయే బిడ్డకు అందులో సగమే దక్కుతున్నది.

ఇక తీపి సంగతి. శీతల పానీయాలలోను, డబ్బా పండ్లరసాలలోను ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాములు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ చక్కెర ఉంటుంది. పావు లీటరు సీసా తాగితే ఐదారు చెమ్చాల చక్కెర కడుపులోకి వెళ్లినట్లే. పెద్దలకు కూడా రోజంతటికీ కలిపి 25 గ్రాములు దాటకపోతే మంచిదని నిపుణులు చెబుతుంటే, పిల్లవాడు ఒక్క సీసాతో ఆ హద్దు చేరుకుంటున్నాడు. పండుబొమ్మ వేసి అమ్మినంత మాత్రాన అది పండు కాదు. కొరికి తిన్న బత్తాయి వేరు, డబ్బాలోని తీపి నీళ్లు వేరు. ఇది కలవారి జబ్బు అనుకోవడం కూడా పొరపాటు. నేడు ఐదు రూపాయలకు, పది రూపాయలకు దొరికే ప్యాకెట్టు కూలీ బిడ్డ చేతిలో కూడా ఉన్నది. పది రూపాయలకు పండ్లలో చాలా రకాలు రావు, ప్యాకెట్టు వస్తుంది. బేరం అక్కడే చెడుతున్నది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేము. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోను, బడి గేటు నుండి 50 మీటర్ల దూరం లోపలను పిల్లలకు అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు చేసింది. ఏ పదార్థంలో ఎంత చక్కెర ఉన్నదో పిల్లలకు తెలిపే బోర్డులను ఏర్పాటు చేయాలని సీబీఎస్ఈ 2025లో తన పాఠశాలలను ఆదేశించింది. కాని గేటు బయట బండి మీద ఏమి అమ్ముతున్నారో చూసేది ఎవరు? ఆ పని తల్లిదండ్రుల సంఘాలది, పాఠశాల కమిటీలది. మన మదరసాల గేట్ల ముందు కూడా బండ్లు ఉంటాయి.

మన పళ్ళెం, మన పద్ధతి

మన వంటలను నిందించడం మా ఉద్దేశం కాదు. పప్పు, ఖట్టా, తోటకూర, గోంగూర మాంసం, జొన్నరొట్టె, చేపల పులుసు మన ఇళ్ల తిండే. బిర్యానీ పండుగ తిండిగా ఉన్నంత కాలం దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. అది ఆదివారం తిండి, ఆ తరువాత ఫోను మీద ఆర్డరిచ్చే బుధవారం తిండి కూడా కావడంతో చిక్కు వచ్చింది. పెళ్లిళ్ల కాలంలో వారానికి మూడు దావత్‌లు. ప్రతి దావత్‌లో బిర్యానీ, దానితో వేపుళ్లు, ఆపైన డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, ఐస్‌క్రీము, చివర శీతల పానీయం. పెద్దలు తిని సాయంత్రం మాత్ర వేసుకుంటారు. పిల్లవానికి మాత్ర లేదు.

మన హైదరాబాదులోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. అది 2024 మే నెలలో భారతీయుల కొరకు కొత్త ఆహార మార్గదర్శకాలు ప్రకటించింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన పెద్దవారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలునని, కూరగాయలు మాత్రం 400 గ్రాములు ఉండాలని అందులో సూచించింది. గృహిణులు ఈ లెక్కను తమ ఇంటికి అన్వయించి చూసుకోవచ్చు. ఐదుగురు ఉన్న ఇంట్లో, అందరినీ పెద్దవారిగానే లెక్కించినా, నెలకు నాలుగున్నర లీటర్లకు లోపే నూనె సరిపోవాలి. మీ ఇంట్లో డబ్బా ఎన్ని రోజులకు ఖాళీ అవుతున్నదో ఈ నెల రాసి చూడండి.

రంజాన్ మాసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉపవాసం తినే ఆశను అదుపులో పెట్టుకొనే శిక్షణ. అయితే ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద సమోసాలు, పకోడీలు, మిరపకాయ బజ్జీలు, ఎర్రని తీపి షర్బత్, తరావీహ్ తరువాత హలీం, అర్ధరాత్రి ఫాలూదా చేరితే నెలాఖరుకు బరువు పెరగడంలో వింత లేదు. పిల్లలు ఉపవాసం లేకపోయినా ఈ తిండిలో మాత్రం పూర్తి భాగస్తులు. ఖర్జూరం, నీళ్లు, పండ్లు, నానబెట్టిన శనగలు లేక ఉడికించిన బొబ్బర్లు మొదట పెట్టి, నమాజు తరువాత మామూలు భోజనం పెట్టండి. మరొక మాట. లావు తగ్గుతాడని చిన్న పిల్లల చేత ఉపవాసాలు ఉంచడం తగదు. ఉపవాసం ఆరాధన, అది బరువు తగ్గించే మందు కాదు. యుక్తవయసు రాని పిల్లలపై అది విధి కూడా కాదు.

మితంగా తినమని, దుబారా చేయవద్దని ఖుర్ఆన్ ఆజ్ఞాపించింది. కడుపును మూడు భాగాలుగా చేసుకొని ఒకటి తిండికి, ఒకటి నీటికి, ఒకటి ఊపిరికి విడిచిపెట్టమన్న దైవప్రవక్త (స) బోధ మనలో చాలామందికి కంఠస్థం. కంఠం వరకు వచ్చిన ఆ బోధ కడుపు వరకు దిగలేదు. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నవానిగా ఉన్నప్పుడు ఆయన చేయి పళ్ళెమంతా తిరుగుతుంటే దైవప్రవక్త (స) గద్దించలేదు, పళ్ళెం లాగివేయలేదు. అల్లాహ్ పేరుతో మొదలుపెట్టి, కుడిచేత్తో, తన ముందున్నది తినమని నేర్పారు. పిల్లవానికి తిండి మర్యాద నేర్పవలసిన తీరు అదే. పక్కన కూర్చొని, కలిసి తింటూ, మృదువుగా.

శరీరానికి కూడా మనపై హక్కు ఉన్నదని ఆయన (స) బోధించారు. ఎడతెగని ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో తన ఒంటిని మరచిన అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కి ఆ మాట చెప్పారు. ఆరాధన కొరకే శరీరపు హక్కును కాజేయరాదంటే, నోటి రుచి కొరకు కాజేయవచ్చునా? తన శరీరపు హక్కు ఏమిటో తెలియని పసివాని పక్షాన ఆ హక్కును కాపాడవలసినవారు తల్లిదండ్రులు. అందుకే ఇది అమానతు అంటున్నాము.

ఆడపిల్లల ఆట

ఈ విషయంలో అన్యాయానికి ఎక్కువగా గురయ్యేది ఆడపిల్లలు. తొమ్మిదేళ్లు, పదేళ్లు రాగానే "ఇక చాలు, లోపల కూర్చో" అంటారు. అన్న మైదానానికి వెళతాడు, చెల్లెలు మంచం మీద ఫోనుతో కూర్చుంటుంది. పరదా కదలికను నిషేధించలేదు. దైవప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదట ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేసిన తరువాత మళ్లీ పందెం వేసి ఆయన (స) గెలిచి, దానికి ఇది చెల్లు అని నవ్వుతూ అన్నారు. ఈ హదీసును మనము సంసార సరదాకు ఉదాహరణగా చెబుతాము. స్త్రీ పరుగెత్తడంలో తప్పు లేదన్న సంగతి కూడా అందులోనే ఉన్నది. మేడ మీద తాడాట, తొక్కుడుబిళ్ల, షటిల్ ఆడించండి. ఫజర్ తరువాత తల్లీకూతుళ్లు కలిసి అరగంట నడవండి. ఆడపిల్లల బడులలో ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చివేస్తుంటే వెళ్లి అడగండి.

చేయదగినవి

ఎదిగే పిల్లలను పస్తులు ఉంచరాదు. చాలామంది పిల్లలకు బరువు తగ్గించడం కంటే ఉన్నచోట నిలిపితే చాలు. ఎత్తు పెరుగుతూ ఉంటే బరువు దానంతటదే సర్దుకుంటుంది. బరువు ఎక్కువగా ఉన్నవారి విషయంలో వైద్యుడే చెప్పాలి. ప్రకటనలలో కనబడే పొడులు, బెల్టులు, మాత్రలు పిల్లల దగ్గరకు రానీయకండి.

మార్పు పిల్లవాని ఒక్కని పళ్ళెంలో కాక ఇంటి మొత్తంలో రావాలి. అందరూ షర్బత్ తాగుతూ వానికి ఒక్కనికే నీళ్లు ఇస్తే వాడు దొంగచాటుగా తాగుతాడు. ఇంటికి సీసా రాకపోతే గొడవే లేదు. టిఫిన్ డబ్బాలో బిస్కట్లు, నూడుల్స్ బదులు రొట్టె, గుడ్డు, వేయించిన శనగలు, పల్లీలు, ఒక పండు పెట్టండి. పళ్ళెంలో సగం కూర, పప్పు, ఆకుకూర ఉండేట్లు, అన్నం తక్కువగా ఉండేట్లు వడ్డించండి. దస్తర్‌ఖాన్ మీద ఫోను ఉండరాదు, అబ్బా ఫోను కూడా. బాగా చదివితే చాక్లెట్టు, అల్లరి మానితే ఐస్‌క్రీము అన్న పద్ధతిని విడిచిపెట్టండి. బహుమతిగా బంతిని ఇవ్వండి, తాడును ఇవ్వండి.

మదరసాల, మక్తబ్‌ల నిర్వాహకులకు మా మనవి. అసర్ నుండి మగ్రిబ్ వరకు గల గంట, గంటన్నర సమయం మన పాత మదరసాలలో ఆటకు, వ్యాహ్యాళికి విడిచిపెట్టిన సమయం. పిల్లలను వాలీబాలుకు, కబడ్డీకి పంపేవారు. నేడు ఊళ్లలో మక్తబ్ తరగతులు ఆ వేళలోనే నడుస్తున్నాయి. వాటిని మగ్రిబ్ తరువాతకు గాని, ఫజర్ తరువాతకు గాని మార్చుకోవచ్చు. స్థలము లేదంటే మస్జిద్ ప్రాంగణం, పక్క బడి మైదానం ఉన్నాయి. నమాజులో రుకూ, సజ్దాలు ఉన్నాయి గదా అని కొందరు అంటారు. నమాజు దాసుడు తన ప్రభువు ముందు నిలబడటం. దానిని ఆట లెక్కలో వేసి పిల్లల ఆటను తీసివేయడం రెండింటికీ అన్యాయం.

మదరసా వసతిగృహాలకు సదఖా పంపే పెద్దలకు కూడా ఒక మాట. పెళ్లిలో మిగిలిన బిర్యానీ, డేగ్చీల మీఠా, డబ్బాల కొద్దీ బిస్కట్లు పంపుతారు. అల్లాహ్ స్వీకరించుగాక! కాని ఆ పిల్లలకు కందిపప్పు, గుడ్లు, పాలు, అరటిపండ్లు, ఆకుకూరలు పంపితే పుణ్యం తగ్గదు. కూర్చొని గంటల కొద్దీ హిఫ్జ్ చేసే పిల్లవానికి మీరు పంపే తిండే రేపటి ఎముక, రేపటి రక్తం.

పాఠకులారా! ఆస్తి, నగలు, పొలం వంటి అమానతుల గురించి మనము కాగితాలు రాసుకుంటాము, సాక్షులను పెట్టుకుంటాము. బిడ్డ దేహం గురించి ఏ కాగితమూ లేదు. అయినా ప్రశ్న తప్పదు. ఈ వారం మీ ఇంట్లో మూడు పనులు చేయండి. దారంతో బిడ్డ నడుము కొలవండి. స్నానం చేయించేటప్పుడు మెడ వెనుక చూడండి. అసర్ తరువాత ఒక గంట ఖాళీ చేసి, వాని చేతిలోని ఫోను తీసుకొని బంతి పెట్టండి. మొదటి రోజు అలుగుతాడు. మూడవ రోజు మగ్రిబ్ అజాన్ వినబడినా ఇంటికి రానంటాడు. అప్పుడు వెళ్లి తీసుకురావలసిన పని మాత్రం మీదే.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యవంతమైన దేహాలను, దానిని కాపాడే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.